మాకు తేదీ, మీకు ‘త్వరలో’నా?

చట్టాలకు, ఉత్తర్వులకు ముసాయిదా రాసే కేంద్ర, రాష్ట్ర న్యాయశాఖల అధికారులకు, ఆ మాటలనే నోటీసుల్లోకి దించుకునే ప్రభుత్వ కార్యాలయాల అధిపతులకు బహిరంగ లేఖ

గౌరవనీయులారా,

మీ కార్యాలయాల నుంచి వచ్చే కాగితాన్ని ఒకదాన్ని చేతిలోకి తీసుకుని పౌరుడి కళ్లతో చదవండి. పౌరుడు చేయాల్సిన పని దగ్గర అంకె ఉంటుంది. నోటీసు అందిన 15 రోజుల్లోగా జవాబివ్వాలి, ఫలానా తేదీలోగా బకాయి కట్టాలి, గడువు దాటితే అపరాధ రుసుము. కార్యాలయం చేయాల్సిన పని దగ్గరికి వచ్చేసరికి అంకె మాయమై ఇంగ్లీషు క్రియావిశేషణం ఒకటి వచ్చి కూర్చుంటుంది. డబ్బు తిరిగి ఇవ్వడమైతే షార్ట్‌లీ, దరఖాస్తు పరిశీలన అయితే ఇన్ డ్యూ కోర్స్, నిర్ణయం తీసుకోవడమైతే ఎక్స్‌పిడీషియస్‌లీ, చట్టం స్థాయిలో అయితే యాజ్ సూన్ యాజ్ పాసిబుల్. ఆంక్ష పెట్టినప్పుడు అది ఎన్నాళ్లుంటుందో చెప్పకుండా అంటిల్ ఫర్దర్ ఆర్డర్స్. ఈ మాటలు మీ కలానికి ఎంత అలవాటయ్యాయంటే రాసేటప్పుడు ఆలోచించాల్సిన అవసరమే రావడం లేదు. అయినా అడగాలి. పౌరుడికి ఒక కొలత, కార్యాలయానికి ఇంకో కొలత ఎందుకు? ఆలస్యమైతే మేం జరిమానా కట్టాలి, మీరు ఆలస్యం చేస్తే అది ఆలస్యమని చెప్పే ఆధారమే మాకు ఉండకూడదా? ఈ పద్ధతి భాషలో జరిగే చిన్న అలసత్వమని నేను అనుకోవడం లేదు. బాధ్యతను తప్పించే మార్గంగా అది స్థిరపడిపోయింది. దాన్ని ఒప్పుకోలేకే ఈ లేఖ.

తెలుగువాళ్లందరికీ తెలిసిన ఒక చట్టాన్నే సాక్ష్యంగా పెడతాను. 2014 నాటి ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టంలో కాలాన్ని రెండు రకాలుగా రాశారు. ఐదో సెక్షన్‌లో హైదరాబాద్ ఉమ్మడి రాజధానిగా పదేళ్లకు మించకుండా ఉంటుందని రాశారు. 2014 జూన్ 2న మొదలైన ఆ లెక్క 2024 జూన్ 2న ముగిసింది. దాని మీద ఎవరికీ సందేహం లేదు, ఎవరూ కోర్టుకెళ్లి అర్థం అడగాల్సిన పని రాలేదు. అదే చట్టం పదమూడో షెడ్యూలులో రైల్వే జోన్ మాట వచ్చింది. అక్కడి వాక్యంలో రెండు పనులున్నాయి. భారతీయ రైల్వే ఆరు నెలల్లోగా జోన్ ఏర్పాటును పరిశీలించాలి, ఆపైన త్వరితగతిన నిర్ణయం తీసుకోవాలి. తెలంగాణకు రైలు పెట్టెల కర్మాగారం గురించి రాసిన వాక్యమూ ఇదే అచ్చు. పరిశీలనకు ఆరు నెలలు, నిర్ణయానికి ఎక్స్‌పిడీషియస్ అనే మాట. వ్యాకరణ పుస్తకం ప్రకారం ఆ చోట అది విశేషణమే, కానీ అది చేస్తున్న పని క్రియావిశేషణానిది. ఏ పని ఎప్పటికి జరగాలో చెప్పాల్సిన చోట నిలబడి, అది చెప్పకుండా ఆపుతోంది. ఇప్పుడు ఆ వాక్యాన్ని మళ్లీ చదవండి. ఖర్చు లేని పనికి, కాగితం మీద అయిపోయే పనికి గడువు పెట్టారు. కోట్ల మంది ఎదురుచూసిన అసలు పనికి గడువు పెట్టలేదు. విశాఖపట్నం కేంద్రంగా దక్షిణ కోస్తా రైల్వే జోన్‌ను 2019 ఫిబ్రవరి 27న ప్రకటించారు. ప్రధాన కార్యాలయ భవనానికి శంకుస్థాపన జరిగింది 2025 జనవరి 8న. కాజీపేటలో రైల్వే తయారీ యూనిట్‌కు శంకుస్థాపన 2023 జూలై 8న. ఈ తేదీల్లో ఏది త్వరితగతి? 2015లో అడిగినా, 2018లో అడిగినా పరిశీలన జరుగుతోందన్న జవాబు చట్టానికి విరుద్ధం కాలేదు. ఎందుకంటే చట్టమే ఆ జవాబుకు చోటిచ్చింది.

ఆలస్యానికి కారణం రాజకీయం, డబ్బు, సాంకేతిక ఇబ్బందులు, మాటను తప్పుపట్టడం ఏమిటని మీరు అనవచ్చు. నిజమే, మాట ఒక్కటే రైలును ఆపదు. అదే చట్టం 93వ సెక్షన్‌లో పదమూడో షెడ్యూలు చర్యలకు పదేళ్ల గడువు ఉంది, ఆ గడువులో జరగనివీ ఉన్నాయి. కాబట్టి అంకె రాస్తే అన్నీ జరిగిపోతాయని నేను చెప్పడం లేదు. తేడా వేరే చోట ఉంది. పదేళ్లు నిండిన రోజున ఏది అయింది, ఏది కాలేదు అని లెక్క అడిగే వీలు శాసనసభ్యుడికి, విలేకరికి, మామూలు మనిషికి కలిగింది. త్వరితగతిన అన్న మాటకు నిండే రోజే లేదు. నిండే రోజు లేని హామీ భంగం కూడా కాదు. మన ఊళ్ల కిరాణా కొట్లలో నేడు నగదు, రేపు అప్పు అని బోర్డు ఉంటుంది. ఆ బోర్డు ఏ రోజు చదివినా నిజమే, ఏ రోజూ అప్పు పుట్టదు. కొట్టు యజమాని అలా రాసుకోవచ్చు, అది అతని సొమ్ము. పార్లమెంటు చేసే చట్టానికి ఆ వెసులుబాటు ఉండవచ్చా?

ఈ మాటల చరిత్ర తెలిస్తే వాటి మీద మీ నమ్మకం ఇంకాస్త సడలుతుంది. ఇంగ్లీషులో తక్షణం అన్న అర్థం ఇచ్చే క్రియావిశేషణాలు కాలక్రమంలో ఒకదాని తర్వాత ఒకటి నీరుగారిపోయాయి. ఇవాళ కాసేపట్లో అనే అర్థంలో వాడే సూన్ అన్న మాటకు పాత ఇంగ్లీషులో అర్థం వెంటనే. అనన్ అన్న మాటా అంతే, ముందు వెంటనే, తర్వాత కాసేపట్లో, చివరికి పుస్తకాల్లో మాత్రమే మిగిలింది. 1611లో వెలువడిన ఇంగ్లీషు బైబిల్‌లో బై అండ్ బై అంటే ఈ క్షణమే, ఇప్పుడు అది ఎప్పుడో ఒకప్పుడు. ప్రెజెంట్లీ కూడా ఒకప్పుడు తక్షణమే అన్న అర్థంలో ఉండి, తర్వాత కొంతసేపటికి అన్న అర్థంలోకి జారింది. మన దేశపు ఆఫీసు ఇంగ్లీషులో దాన్ని ప్రస్తుతం అన్న అర్థంలో వాడుతున్నారు. డైరెక్ట్‌లీ అన్న మాటకూ బ్రిటన్ వాడుకలో ఇదే గతి పట్టింది. ఇన్ని మాటలు ఒకే దిక్కుకు జారడం కాకతాళీయం కాదు. ఇప్పుడే చేస్తానని చెప్పి కాస్త ఆగి చేయడం మనుషులకు సహజం, వినేవాడు ఆ ఆలస్యాన్ని కూడా మాట అర్థంలోకి కలుపుకుంటాడు. ఇంట్లో మాటల్లో ఇది నష్టం చేయదు. ఇప్పుడే వస్తానని వెళ్లిన మనిషి గంటకు వస్తే ఇంట్లోవాళ్లు అర్థం చేసుకుంటారు, అడిగే చొరవా వాళ్లకు ఉంటుంది. కౌంటరు అవతల ఉన్న అధికారిని అడిగే చొరవ ఎంతమందికి ఉంది? వినేవాడు నిలదీయలేని చోట ఈ జారుడు ఇంకా వేగంగా సాగుతుంది. అందుకే సాధారణ సంభాషణకు సరిపోయే మాట ప్రభుత్వ ఉత్తర్వుకు సరిపోదని అంటున్నాను.

ఇలా కాకుండా రాయడం సాధ్యమేనా అని సందేహించాల్సిన పని లేదు, మీ శాఖలే రాశాయి. 2005 సమాచార హక్కు చట్టం ఏడో సెక్షన్ చూడండి. సాధ్యమైనంత త్వరగా, ఏ పరిస్థితిలోనైనా 30 రోజుల్లోగా సమాచారం ఇవ్వాలి. ప్రాణానికో స్వేచ్ఛకో సంబంధించినదైతే 48 గంటల్లో. గడువు దాటితే దాన్ని నిరాకరించినట్టే లెక్క, కారణం లేని ఆలస్యానికి రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 వరకు అధికారి జరిమానా కట్టాలి. ఇక్కడ క్రియావిశేషణం ఉంది, దాని పక్కనే దాన్ని కట్టేసే అంకె కూడా ఉంది. ఈ ఒక్క వాక్య నిర్మాణం వల్లే మామూలు మనిషి 31వ రోజున అప్పీలు రాయగలుగుతున్నాడు. కానీ అదే చట్టంలో 19వ సెక్షన్‌కు వెళ్లేసరికి పాత అలవాటు తిరిగొచ్చింది. పౌరుడు మొదటి అప్పీలు 30 రోజుల్లో, రెండో అప్పీలు 90 రోజుల్లో వేసుకోవాలి. మొదటి అప్పీలును అధికారి 30 రోజుల్లో, కారణం రాసి పొడిగిస్తే 45 రోజుల్లో తేల్చాలి. సమాచార కమిషన్ రెండో అప్పీలును ఎన్నాళ్లలో తేల్చాలన్నది మాత్రం చట్టంలో లేదు. ఒకే సెక్షన్‌లో వచ్చేవాడికి 90 రోజులు, తీర్పు చెప్పేవారికి ఏమీ లేదు. మొదటి మెట్టు మీద పెట్టిన గడువు విలువంతా చివరి మెట్టు మీద హరించుకుపోతోంది. దీన్ని రాసినవారికి ఇది కనిపించలేదా?

రాజ్యాంగమే అలా రాసింది కదా అన్నది మీ తరఫు బలమైన వాదం, దాన్ని దాటవేయను. 200వ అధికరణలో గవర్నర్ బిల్లును తిప్పి పంపాలంటే యాజ్ సూన్ యాజ్ పాసిబుల్ పంపాలి. రాష్ట్రపతి విషయంలో 111వ అధికరణలోనూ అదే మాట. అయితే రాజ్యాంగ ముసాయిదాలో రాష్ట్రపతికి మొదట రాసింది ఆ మాట కాదు, ఆరు వారాలకు మించకుండా అని. 1949లో రాజ్యాంగ సభలో చర్చ జరిగినప్పుడు అంబేడ్కర్ సవరణతో ఆరు వారాలు పోయి ఈ మాట వచ్చింది. హెచ్.వి. కామత్ వంటి సభ్యులు అప్పుడే అభ్యంతరం చెప్పారు. ఆరు వారాల కంటే ముందే పని జరగాలన్న ఉద్దేశంతో చేసిన మార్పుగా దాన్ని చదువుకోవడానికి వీలుంది. దాని ఫలితం ఏమైందో మనం చూశాం. తెలంగాణ ప్రభుత్వం పది బిల్లులు గవర్నర్ దగ్గర ఆగిపోయాయని సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2023 ఏప్రిల్ 24న కోర్టు ఆ మాటకు రాజ్యాంగపరంగా గణనీయమైన అర్థం ఉందని, దాన్ని గుర్తుపెట్టుకోవాలని చెప్పాల్సి వచ్చింది. 2025 ఏప్రిల్ 8న తమిళనాడు బిల్లుల కేసులో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం నెల, మూడు నెలలు అంటూ గడువులు పెట్టింది. అదే ఏడాది నవంబరు 20న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, రాజ్యాంగంలో లేని గడువును కోర్టు చేర్చలేదని అభిప్రాయం చెప్పింది. వివరణ లేని సుదీర్ఘ మౌనం మీద మాత్రం పరిమితంగా జోక్యం చేసుకోవచ్చని అంది. ఆ అభిప్రాయంతో నాకు ఇక్కడ తగవు లేదు. అది మీకు చెప్పే సంగతి ముఖ్యం. ముసాయిదా రాసేవారు వదిలేసిన అంకెను తర్వాత కోర్టు పూరించలేదు. అంటే ఆ అంకె రాసే బాధ్యత మొదటే, మీ బల్ల మీదే ఉంది. రాజ్యాంగం రాసినవారికి అంకె విలువ తెలియకా కాదు. 22వ అధికరణలో అరెస్టు కారణాలను వీలైనంత త్వరగా చెప్పాలని రాశారు, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలనీ రాశారు. అర్ధరాత్రి పోలీసు స్టేషన్ బయట నిలబడ్డ కుటుంబం పట్టుకోగలిగేది ఈ రెంటిలో దేన్నో మీకే తెలుసు.

న్యాయవాదులకు, న్యాయమూర్తులకు ఈ మాటల అర్థం స్థిరపడిందని ఇంకో వాదం ఉంది. స్థిరపడిన అర్థం ఏమిటో చూద్దాం. పోలీసులు ఆస్తిని స్వాధీనం చేసుకుంటే మేజిస్ట్రేటుకు ఫోర్త్‌విత్ తెలపాలన్న నిబంధన మీద 2024 మేలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. బ్యాంకు ఖాతా స్తంభింపజేసిన కేసు అది. ఫోర్త్‌విత్ అంటే అత్యవసర స్పృహతో, అనవసర జాప్యం లేకుండా, తగినంత వేగంతో అని వివరించింది. ఆ మాటకు అంతకంటే కచ్చితమైన అర్థం కోర్టు మాత్రం ఎక్కడి నుంచి తెస్తుంది? ఒక క్రియావిశేషణానికి మూడు పదబంధాలు జవాబుగా వచ్చాయి, ఒక్కదానిలోనూ రోజుల లెక్క లేదు. ఫిరాయింపుల సంగతి ఇంకా స్పష్టం. రాజ్యాంగం పదో షెడ్యూలు కింద అనర్హత పిటిషన్లను స్పీకర్ ఎన్నాళ్లలో తేల్చాలో రాయలేదు. తెలంగాణలో ముగ్గురు ఎమ్మెల్యేల విషయంలో హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం 2024 సెప్టెంబరులో నాలుగు వారాల్లో విచారణ తేదీలు ఖరారు చేయించాలంది. నవంబరులో డివిజన్ బెంచ్ దాన్ని పక్కనబెట్టి సముచిత కాలంలో అంది. 2025 జూలై 31న సుప్రీంకోర్టు పది మంది ఎమ్మెల్యేల విషయంలో వీలైనంత త్వరగా, ఏదేమైనా మూడు నెలల్లోగా అంది. చట్టంలో లేని మూడు మాటల కోసం మూడు ధర్మాసనాలు, ఏడాదికి దగ్గరగా సమయం. ఆ ఏడాదంతా ఓటర్లు తమ ప్రతినిధి ఏ పక్షమో తెలియకుండానే ఉన్నారు. అర్థం స్థిరపడిందంటే ఎవరికి స్థిరపడినట్టు? వకీలు ఫీజు ఇచ్చుకోగలిగిన వాళ్లకేనా?

అధికారుల వైపు నుంచి వచ్చే అభ్యంతరాల్లో నాకు నిజంగా బరువుగా తోచేది వేరే ఉంది. గడువు పెడితే పని బాగా జరగడం మానేసి, గడువు లోపల ఫైలు మూసేయడం మొదలవుతుందని క్షేత్రస్థాయి ఉద్యోగులు చెబుతారు. అర్జీని పరిష్కరించినట్టు కంప్యూటర్లో నమోదు చేసేస్తారు, అర్జీదారు సమస్య అలాగే ఉంటుంది. సిబ్బంది తక్కువ, పని ఎక్కువ, పైనుంచి ఒత్తిడి, ఇవన్నీ ఉన్నవే. ఈ బాధను తీసిపారేయకూడదు. అయితే దొంగ పరిష్కారం ఒక తేదీతో, ఒక సంతకంతో జరుగుతుంది, దాన్ని పట్టుకోవచ్చు, పై అధికారికి చూపించవచ్చు. తేదీ లేని ఎదురుచూపులో పట్టుకోవడానికి ఏమీ ఉండదు, తప్పు జరిగినట్టు కూడా కాగితం మీద ఉండదు. సిబ్బంది కొరత కూడా గడువులు ఉన్నప్పుడే బయటపడుతుంది. వంద అర్జీల్లో అరవై గడువు దాటితే ఆ కార్యాలయానికి ఇంకో ఇద్దరు గుమస్తాలు కావాలని లెక్కతో అడగవచ్చు. అన్నీ త్వరలో జరుగుతున్నప్పుడు ఆ లెక్క ఎవరు తీస్తారు? పరిస్థితులు మారే పనులుంటాయి, వరదొస్తుంది, ఎన్నికల కోడ్ వస్తుంది. దానికీ దారి ఉంది. కారణం రాసి, కొత్త తేదీ వేసి, ఆ సంగతి అర్జీదారుకు తెలియజేయడం. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత తీర్పుల విషయంలో అదే చేసింది. వాదనలు ముగిసిన 30 రోజుల్లో, కారణాలు రాస్తే 45 రోజుల వరకు. న్యాయస్థానాలకు పెట్టగలిగిన నిబంధనను తహసీల్దారు కార్యాలయానికి పెట్టలేమా?

మన రాష్ట్రాల్లోనే ఒక వర్గానికి ఈ గౌరవం ఇప్పటికే దక్కుతోంది. తెలంగాణలో 2014 టీఎస్ ఐపాస్ చట్టం కింద భారీ పరిశ్రమకు 15 రోజుల్లో, ఇతర పరిశ్రమలకు 30 రోజుల్లో అనుమతులు. గడువు దాటితే అనుమతి వచ్చినట్టే. 2020 టీఎస్ బీపాస్ చట్టం కింద భవన నిర్మాణానికి 21 రోజులు. పెట్టుబడిదారుకు కాలం విలువ తెలుసని ప్రభుత్వం గ్రహించింది, మంచిదే. పింఛను కోసం, పట్టాదారు పాసుపుస్తకంలో పేరు దిద్దించుకోవడం కోసం, ఉద్యోగంలో చనిపోయిన భర్త బకాయిల కోసం తిరిగేవాళ్లకు కాలం విలువ తెలియదా? రోజు కూలి వదులుకుని మండల కేంద్రానికి వచ్చేవాడికి ఒక్కో త్వరలో ఒక్కో రోజు కూలి ఖర్చు. 2005 ఉపాధి హామీ చట్టం ఈ సంగతి గుర్తించింది కనుకే కూలి డబ్బు పక్షం రోజులు దాటకుండా ఇవ్వాలని, 15 రోజుల్లో పని చూపకపోతే భృతి చెల్లించాలని రాసింది. అమలు ఎలా ఉన్నా, పేదవాడి పేరున అంకె రాయవచ్చని ఆ చట్టం చూపించింది.

తెలుగులో రాస్తే ఈ జబ్బు పోతుందన్న భ్రమ కూడా వద్దు. ఇంగ్లీషు ముసాయిదాను తెలుగులోకి దించేటప్పుడు ఈ మాటలు సత్వరమే, త్వరితగతిన, యుద్ధప్రాతిపదికన, తదుపరి ఉత్తర్వులు వెలువడే వరకు అంటూ ఇంకాస్త గంభీరంగా వచ్చి కూర్చున్నాయి. ముఖ్యంగా యుద్ధప్రాతిపదికన అన్న మాట ప్రతి వర్షాకాలం కాలువ పూడికల దగ్గర వినిపించి, వచ్చే వర్షాకాలానికి మళ్లీ వినిపిస్తుంది. మాట ఎంత పెద్దదైతే తేదీ అంత దూరం అని జనానికి అర్థమైపోయింది. మీ ప్రకటనల మీద నమ్మకం పోవడానికి ఇదొక కారణమని మీరు గమనించాలి.

నేను అడిగేది ఖర్చుతో కూడుకున్నది కాదు. ఇకపై మీరు రాసే ప్రతి ముసాయిదాలో కాలాన్ని చెప్పే క్రియావిశేషణం ఎక్కడ వచ్చినా, దాని పక్కన ఏ పరిస్థితిలోనైనా ఇన్ని రోజుల్లోగా అన్న మాట చేర్చండి. చేర్చలేకపోతే ఎందుకు చేర్చలేదో ఉద్దేశాల ప్రకటనలో రాసి శాసనసభ ముందు పెట్టండి. ఆంక్షలకు తదుపరి ఉత్తర్వుల వరకు అని రాయకుండా ముగింపు తేదీ వేయండి, అవసరమైతే ఆ తేదీన మళ్లీ పొడిగించండి. పౌరుడికి పంపే ప్రతి నోటీసులో అతను చేయాల్సిన పనికి ఎన్ని రోజులు ఇచ్చారో, దాని మీద కార్యాలయం తీసుకునే నిర్ణయానికీ అన్నే రోజులు రాయండి, ఆ గడువు దాటితే ఎవరికి ఫిర్యాదు చేయాలో హోదాతో సహా కింద అచ్చు వేయండి. సమాచార కమిషన్లలో రెండో అప్పీళ్లకు గడువు పెట్టే సవరణను కేంద్ర శాసన విభాగం సిద్ధం చేయాలి. రెండు తెలుగు రాష్ట్రాల న్యాయశాఖలు వచ్చే శాసనసభ సమావేశాల్లో పెట్టబోయే బిల్లులతోనే ఈ పద్ధతి మొదలుపెట్టాలని, పెడతారో లేదో ఆ సమావేశాలకు ముందే బహిరంగంగా చెప్పాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పౌరుడు